తోడుకున్న నిమ్మళం

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది భయం. కోడీ, పాలవాడూ, భాస్కరరాజూ ఆ తరవాతే.

భాస్కరరాజు లేస్తూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చి చెరువు గట్టుకి పరిగెత్తేవాడు. భీమవరం చుట్టుపక్కల చేపల చెరువున్న ప్రతివాడిదీ అదే వరస. తెల్లారగట్ట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఆ నోళ్ళు కనబడగానే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, మందు చల్లాలి, దేవుడికి దణ్ణం పెట్టాలి. చేపలు తేలినా తేలకపోయినా రాజుగారి బీపీ మాత్రం రోజూ పైకి తేలేది. కూతుర్ని చీమ కుడితే ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి ఆయన.

ఆ కూతురు తన్మయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల. నిరుడు మెడికల్ ఎంట్రన్సులో తప్పింది. ఫలితాలు వచ్చిన రోజే, హాస్టల్లో తన పక్క గదిలో ఉండిన అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆ తరవాత భాస్కరరాజు కూతుర్ని ఇక ఎక్కడికీ పంపనని భీష్మించుకుని, ఊళ్ళోనే లాంగ్ టర్మ్ కోచింగులో చేర్పించాడు. వారానికో పరీక్ష. పరీక్ష ఉన్న పొద్దున తన్మయి బాత్రూములో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకునేది. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర్లు పుళ్ళు పడ్డాయి. పుస్తకం ముందు కూర్చుని కనుబొమ్మల వెంట్రుకలు ఒక్కొక్కటే పీక్కునేది.

తల్లి సువర్చల వంటింట్లో అట్లకాడ పట్టుకుని నిలబడి ఆ కుళాయి చప్పుడు వినేది. సూక్ష్మజీవుల శాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషి. కూతురితో ఏం మాట్లాడాలో మాత్రం ఆ చదువులో ఎవరూ చెప్పలేదు.

"కాస్త ఉప్మా తినవే అమ్మలూ."

"వద్దమ్మా."

అంతే. ఆ ఇంట్లో ఒకళ్ళ భయం ఒకళ్ళు విన్నారు గానీ, దాని గురించి నోరెత్తి ఒక్క మాట అనుకోలేదు. ఈ పిల్ల కూడా ఆ పిల్లలా చేస్తే? ఆ ఆలోచన సువర్చలకి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉండేది.

ఆమె పనిచేసే లాబు ఊరి చివర ఉంది. చెరువులకి మేలు చేసే బ్యాక్టీరియాని పెంచి, డబ్బాల్లో నింపి అమ్ముతారు. యజమాని డాక్టర్ పేరిశాస్త్రి. గాజు గొట్టం పగిలితే గుండె పగిలినట్టు కేకలేసే మనిషి. ఆయన సువర్చలకి ఒక పని అప్పగించాడు. చేపపిల్లల్ని సంచుల్లో పోసి లారీల్లో దూరాలకి పంపిస్తే సగానికి సగం దారిలోనే చస్తున్నాయి. సంచుల్లో గాలి సరిపడా ఉంటుంది. మరి ఎందుకు చస్తున్నాయి?

కుదుపులకి బెదిరి చస్తున్నాయని సువర్చల తేల్చింది. బెదిరిన ఒంట్లో కార్టిసాల్ అనే రసాయనం ఊరుతుంది. చేపకైనా మనిషికైనా అదే. కాసేపు ఊరితే ప్రాణం కాపాడుతుంది, అదే పనిగా ఊరితే ప్రాణం తోడేస్తుంది. సువర్చల ఏళ్ళ తరబడి కూర్చుని, పాలని తోడుపెట్టే జాతి బ్యాక్టీరియా ఒకదానికి ఆ రసాయనాన్ని తినడం నేర్పింది. అది పేగుల్లో కాపురం పెట్టి, కార్టిసాల్ ఊరింది ఊరినట్టు భోంచేస్తుంది. దానికి ఆమె పెట్టుకున్న పేరు నిమ్మళం.

ఒడిశా దాకా వెళ్ళి తిరిగొచ్చిన లారీలోంచి సంచులు దింపి విప్పిన రోజు లాబంతా చుట్టూ మూగింది. మామూలు సంచుల్లో తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. నిమ్మళం వేసిన సంచుల్లో పిల్లలన్నీ హాయిగా ఈదుతున్నాయి. పేరిశాస్త్రి నవ్వడం అందరూ మొదటిసారి చూశారు. సువర్చల మాత్రం ఆ చేపపిల్లల్ని ఒక బకెట్టులో పోసి, వంగి దాని అంచు మీద గట్టిగా కొట్టింది. మామూలు చేపలైతే చెల్లాచెదురవుతాయి. ఇవి తోక కూడా కదపలేదు. ఆమెకి ఆ క్షణంలో చేపలు కనబడలేదు. కుళాయి చప్పుడు లేని పొద్దుట ఒకటి కనబడింది.

ఎలుకల మీద పరీక్ష అయింది. మనుషుల మీద చెయ్యాలంటే అనుమతులు కావాలి, కమిటీలు కూర్చోవాలి, ఏళ్ళు గడవాలి. తన్మయి అన్నేళ్ళు ఆగుతుందో లేదో సువర్చలకి తెలియదు. ఒక సాయంత్రం చిన్న గాజు గొట్టాన్ని టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

గోరువెచ్చటి పాలలో ఆ గొట్టంలోది కలిపి, ఒక చిన్న స్టీలు గిన్నెలో తోడు పెట్టింది.

"ఇది అమ్మలు పెరుగండీ. కడుపుకి మందు కలిపాను. మనం ముట్టుకోవద్దు," అని భర్తతో చెప్పింది.

"అలాగేనండి," అన్నాడు భాస్కరరాజు. రాజుల ఇళ్ళల్లో భార్యకే కాదు, ఉయ్యాల్లో పిల్లకి కూడా 'అండి' తప్పదు.

సువర్చలకి ఎలాగూ పెరుగు పడదు. ముద్ద తిందంటే రొంప. చిన్నప్పట్నించీ చారుతోనే ఆమె భోజనం ముగుస్తుంది.

కొన్నాళ్ళు పోయాక ఒక పరీక్ష పొద్దున కుళాయి చప్పుడు వినబడలేదు. సువర్చల పొయ్యి కట్టేసి చెవులు రిక్కించింది. తన్మయి తల దువ్వుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చుంది.

"ఉప్మాలో జీడిపప్పు వేశావా? ఇంకాస్త పెట్టు."

సువర్చల పెట్టింది. పిల్ల తిన్నంతసేపూ నిలబడి చూసింది. ఆ తరవాత దేవుడి గదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు పుట్టిన రోజున కూడా ఆమెకి అంత సంతోషం కలగలేదు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. లాబులో ఏ కల్చరైనా వాడగా మిగిలింది ఉడికించి చంపేస్తారు. అక్కడితో దాని కథ అయిపోతుంది. వంటింట్లో పెరుగుకి చావు లేదు. ఇవాళ్టి గిన్నెలో అడుగున మిగిలిన చుక్క రేపటి తోడు. ఈ సంగతి చదువురాని ముసలమ్మకైనా తెలుసు, సువర్చలకీ తెలుసు. అయినా ఆ గిన్నెని ఆమె మందుసీసాలాగే చూసింది, పెరుగులా చూడలేదు.

ఒక సాయంత్రం ఇంట్లో పెరుగు పుల్లబడింది. భాస్కరరాజు కూతురి గిన్నెలోంచి చెంచాడు తీసి ఇంటిల్లిపాది పాలలో కలిపాడు. తినొద్దంది గానీ తోడు వెయ్యొద్దని ఆవిడ అనలేదు కదా అనుకున్నాడు. మర్నాటికి కత్తితో కోసినట్టు గడ్డ పెరుగు. ఆ సాయంత్రమే పక్కింటి మంగతాయారు గారు గ్లాసు పట్టుకుని వచ్చింది.

"రాజుగారూ, చుక్క తోడుంటే పెడతారా?"

తోడు లేదనడం ఆ వీధిలో బూతు మాట కింద లెక్క. శత్రువుకైనా లేదనరు. భాస్కరరాజు రెండు చెంచాలు వేసి పంపించాడు. మంగతాయారు ఇంట్లోంచి అది ఎదురింటికి వెళ్ళింది. ఎదురింటావిడ చెల్లెలు వీధి చివర టిఫిన్ సెంటర్ నడుపుతుంది. ఆ పైన ఎటు వెళ్ళిందో ఎవరికి తెలుసు?

భాస్కరరాజు పొద్దున్నే భార్యకి క్యారియర్ సర్దేవాడు. అందులో పెరుగు డబ్బా అలవాటు కొద్దీ పెట్టేవాడు. దాన్ని ఆమె అలవాటు కొద్దీ పేరిశాస్త్రికి ఇచ్చేసేది.

వీధి మారింది. మురుగు కాలవ గురించి తరాలుగా తిట్టుకుంటున్న రెండిళ్ళ వాళ్ళు ఒకే అరుగు మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. హారన్లు తగ్గాయి. లాబులో పేరిశాస్త్రి కేకలు ఆగిపోయాయి, సంచులు అమ్ముడుపోయి శాంతించాడని అందరూ అనుకున్నారు. భాస్కరరాజు తెల్లారాక తీరుబడిగా లేచి, కాఫీ తాగి, పేపరు చదివి అప్పుడు వెళ్తున్నాడు చెరువుకి. కొన్నిరోజులు అసలు వెళ్ళడమే లేదు.

"చూసి రారాండీ?" అంటే, "ఉంటాయి లెండి చేపలు, ఎక్కడికి పోతాయి," అనేవాడు.

పిల్ల కుదుటపడింది కాబట్టి తండ్రి కుదుటపడ్డాడని సువర్చల అనుకుంది. సుఖంగా ఉన్నప్పుడు కారణాలు వెతికేవాళ్ళు ఎవరు?

ఒక ఆదివారం ఆమె బట్టలు ఆరేస్తూ పక్క డాబా వైపు చూసి కొయ్యబారిపోయింది. మంగతాయారు గారి మూడేళ్ళ మనవరాలు పిట్టగోడ ఎక్కి, కాళ్ళు వీధి వైపు వేలాడేసుకుని ఊగుతోంది. మంగతాయారు పక్కనే పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది.

"పిన్నిగారూ! పిల్ల!"

మంగతాయారు తలెత్తి చూసింది. మనవరాల్ని కూడా చూసింది. మళ్ళీ గోంగూరలోకి తల వంచింది. "అవునమ్మాయ్, ఇందాకట్నించీ అక్కడే ఆడుకుంటంది."

సువర్చల ఎలా మెట్లు దిగిందో, ఆ డాబా ఎలా ఎక్కిందో తెలియదు. పిల్లని లాగి గుండెకి అదుముకుంది. "పడితే?" అంది.

"పడలేదుగా," అంది మంగతాయారు, ఎంతో ప్రేమగా.

పెద్దతనం అనుకుంది సువర్చల. ఆ వారమే తన్మయి పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి వచ్చానని నవ్వుతూ చెప్పింది. "రాలేదు, రాయలేదు. అంతే కదమ్మా?" సువర్చల కూతురి మొహంలోకి చూసింది. కనుబొమ్మలు ఒత్తుగా పెరిగాయి. తెల్ల కాగితమైతే మాత్రం ఏం పోయింది, పిల్ల బతికుంటే చాలు అనుకుంది.

విశాఖపట్నంలో ఆక్వా వ్యాపారుల సమావేశం. పేరిశాస్త్రి ఆమెనే పంపించాడు. సముద్రం ఎదురుగా హోటలు హాల్లో సువర్చల రెండు గాజు తొట్లు పెట్టింది. ఎడమ తొట్టిలో మామూలు చేపలు, కుడి తొట్టిలో నిమ్మళం తిన్నవి. రెండింటికీ గాలి కొట్టే చిన్న మోటారు. జనం వచ్చి గాజు మీద తట్టారు. ఎడమ తొట్టిలో అల్లకల్లోలం. కుడి తొట్టిలో ప్రశాంతం. చప్పట్లు కొట్టారు. కొనుగోలుదార్లు కార్డులిచ్చారు.

భోజనం చేసి తిరిగొచ్చేసరికి హాలు ఖాళీగా ఉంది. ఎవడో మహానుభావుడు మోటారు ప్లగ్గు పీకేసి, ఆ చోట తన ఫోను చార్జింగుకి పెట్టుకున్నాడు. ఎడమ తొట్టిలో చేపలన్నీ నీటి పైకి ఎగబడి నోళ్ళు తెరుస్తున్నాయి. తోకలు కొట్టుకుని బల్లంతా తడిసిపోయింది. ఆమె గబగబా ప్లగ్గు పెట్టింది. మోటారు గుర్రుమంది. కాసేపటికి ఎడమ చేపలు తేరుకున్నాయి.

కుడి తొట్టిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అమ్మయ్య, వీటికేం కాలేదు అనుకుంది. వంగి చూసింది.

చేపలన్నీ అడుగున ఒరిగి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి పైకి రాలేదు. పైన గాలి ఉంది, జానెడు దూరంలో ఉంది. ఊపిరి అందకపోతే భయం పుట్టాలి. భయం పుడితే పైకి ఎగబాకాలి. మధ్యలో ఆ మెట్టుని తనే తీసేసింది. చేపలు కదలకుండా, బాధపడకుండా, గాలి కోసం వెతక్కుండా చచ్చిపోయాయి.

ఆమెకి తన్మయి గుర్తొచ్చింది. ఇంటికి ఫోను చేసింది.

"అమ్మలు ఏం చేస్తోందండీ?"

"పడుకున్నారండి. కడుపులో నొప్పట." భాస్కరరాజు గొంతు పాలు పోసినట్టు చల్లగా ఉంది.

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించీ అండి."

"మొన్నట్నించా! నాతో అనలేదేం?"

"అనడానికేముందండి? నొప్పి అదే వచ్చింది, అదే పోద్ది."

"జ్వరం ఉందా?"

"ఒళ్ళు కాలతా ఉంది లెండి కాస్త."

"ఫోను దానికివ్వండి!"

తన్మయి గొంతు నీరసంగా, ఎంతో తీయగా వచ్చింది. "అమ్మా, సముద్రం బావుందా?"

"నొప్పి ఎక్కడే?"

"కుడివైపు, కింద. రాత్రి బాగా ఎక్కువైంది. పొద్దున లోపల ఏదో పుటుక్కుమన్నట్టయింది. తరవాత కాస్త తగ్గింది. ఇప్పుడు కడుపంతా చెక్కలా ఉంది."

"మరి చెప్పవేమే తల్లీ?"

"చెప్పాలనిపించలేదమ్మా. కంగారేం రాలేదు."

ఫోను మళ్ళీ భర్త చేతికి వెళ్ళింది. "ఏవండీ, దాన్ని ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే! అపెండిక్సు పగిలినట్టుంది!"

"అలాగేనండి. పైన ట్యాంకుకి నీళ్ళెక్కుతున్నాయి, మోటారు కట్టేసి, కాఫీ తాగి బయల్దేరతాం. మీరు కంగారు పడకండి."

చీమ కుడితే కారు తీసిన మనిషి ఆయన. సువర్చల మంగతాయారు నంబరు నొక్కింది.

"చూశానమ్మాయ్," అంది మంగతాయారు. "పాపం, పొద్దుటేల వాంతులయినాయి. మంచి పిల్ల. గోల లేదు, గొడవ లేదు."

"పిన్నిగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆటో పిలవండి. ఎవరినైనా పిలవండి. పిల్ల చచ్చిపోతుంది!"

"ఎందుకమ్మా అంత గావుకేకలు? నువ్వూ రోజూ ఇంత పెరుగన్నం తినవే, నిమ్మళంగా ఉంటావు. మీ ఇంటి తోడే కదా, ఇప్పుడు ఊరంతా అదే."

సువర్చల చెవికి ఫోను ఆనించుకునే ఉంది. పిట్టగోడ మీద పిల్ల, తెల్ల కాగితం, కేకలు మానేసిన పేరిశాస్త్రి, గట్టుకి వెళ్ళని భర్త. అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఊరు ఊరంతా కుడి తొట్టిలో ఉంది. తన కూతురు దాని అడుగున ఉంది. చుట్టూ ఇన్ని ఇళ్ళుండీ, ఆ పిల్ల కోసం భయపడడానికి అక్కడ ఒక్క మనిషి లేడు.

ఇంక అంబులెన్సు నంబరు ఒక్కటే మిగిలింది. ఎక్కడో వేరే నగరంలో ఒక అమ్మాయి ఎత్తింది. సువర్చల తడబడుతూ చెప్పింది. అమ్మాయి గొంతు మారిపోయింది.

"అయ్యో! మేడమ్, మీరు లైన్లోనే ఉండండి. అడ్రసు మళ్ళీ చెప్పండి. పక్క ఊళ్ళో బండి ఖాళీగా ఉంది, పంపిస్తున్నా. మేడమ్, పాప మాట్లాడుతోందా? దేవుడా... ఉండండి, ఉండండి!"

ముక్కూ మొహం తెలియని పిల్ల ఆ 'అయ్యో' అంది. ఆ మాటకి సువర్చల నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అంబులెన్సు చేర్చిన ఏలూరు ఆసుపత్రికి ఆమె చేరేసరికి ఆపరేషను జరుగుతోంది. భాస్కరరాజు బయట బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. భార్యని చూసి చిరునవ్వు నవ్వి, జరిగి చోటిచ్చాడు.

"మన చెరువు తెల్లబడిందటండి," అన్నాడు మాటల్లో. "చేపలన్నీ పోయాయని ఫోనొచ్చింది."

ఆపరేషను ముగించుకుని వచ్చిన డాక్టరు ఆయన్ని కాదు, ఆమెని నిలదీశాడు. "లోపలంతా చీము. ఇంత నొప్పితో ఆ పిల్ల ఇంట్లో ఎలా పడుకుందండీ? అరవలేదా? మీరెవరూ చూడలేదా?"

పిల్ల దగ్గరికి వెళ్ళనివ్వమని సువర్చల బతిమాలింది.

తన్మయికి ఘాటైన యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు. అవి చీముతో పాటు పేగుల్లో కాపురమున్న నిమ్మళాన్ని కూడా చంపుతాయని సువర్చలకి తెలుసు. సీసాలో ఒక్కో చుక్కా రాలుతుంటే కన్నార్పకుండా చూసింది. మధ్యలో ఒక పొద్దుట, పిల్ల నిద్రలో ఉండగా, ఊరికి వెళ్ళి ఆరోగ్యశాఖ అధికారి ఒకాయనకి అంతా చెప్పింది. తన తప్పుతో సహా, దాచుకోకుండా. ఊళ్ళో పెరుగంతా పారబోయించాలని, అందరికీ మందులివ్వాలని చేతులు జోడించింది. ఆయన ఎంతో ఓపిగ్గా విన్నాడు.

"చూద్దామమ్మా, తొందరేముంది? ఎండన పడి వచ్చారు, కాస్త మజ్జిగ పుచ్చుకోండి," అన్నాడు.

ఆమె గ్లాసు ముట్టుకోకుండా బస్సెక్కింది. పైవాళ్ళకి రాయాలి, రాష్ట్రమంతా చాటాలి. ముందు పిల్ల కళ్ళు తెరవాలి.

తన్మయికి పూర్తిగా తెలివొచ్చింది మధ్యాహ్నం పూట. సూదినీ, గొట్టాలనీ, పొట్ట మీద కట్టునీ చూసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా, నాకు భయమేస్తోంది. నేను చచ్చిపోతానా?"

సువర్చల నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కూతురు భయపడిందని పండగ చేసుకున్న తల్లి లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. "చావవే నా తల్లీ. భయపడు. ఎంతైనా భయపడు, నేనున్నాను," అని ఆ చెయ్యి పట్టుకుని ముద్దులు పెట్టింది.

ఆ పండగ ఎక్కువ నిలవలేదు. గొట్టాలు ఒక్కొక్కటీ తీసేశారు. తన్మయి దిండుకి ఆనుకుని కూర్చునే నాటికి గోళ్ళు కొరకడం మళ్ళీ మొదలైంది.

"పరీక్ష దగ్గరకొచ్చిందా అమ్మా? ఎన్ని పాఠాలు పోయాయి?"

"పరీక్ష సంగతి వదిలెయ్."

"వదిలెయ్ అంటే వదుల్తుందా?" తన్మయి కనుబొమ్మ మీదికి చెయ్యి వెళ్ళింది. "నాకు ఆ పెరుగు పెట్టమ్మా."

సువర్చల అప్పటికే ఆమెకి మొత్తం చెప్పింది. "దాని మూలానే కదే చావుదాకా వెళ్ళొచ్చావు!"

"తెలుసు."

"తెలిసి కూడా అడుగుతావా?"

"నువ్వు ఒక్కపూటైనా తినలేదు. నీకేం తెలుసు?" పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ పెరుగు తిన్నన్నాళ్ళూ నా లోపల ఎవరూ అరవలేదమ్మా. ఊరికే కూర్చుని వాన చూశాను. అన్నం రుచి తెలిసింది. నేను అలా ఉండగలనని నాకే తెలీదు. మళ్ళీ ఇందులోకి తెచ్చి పడేశావు."

సువర్చల బ్యాక్టీరియాని అడగాల్సినవన్నీ అడిగింది. కూతుర్ని ఎప్పుడూ అడగనిది ఒకటుంది. మంచం మీదికి జరిగి కూర్చుంది.

"ఏమిటే నీ భయం? నాకు చెప్పు."

తన్మయి దుప్పటి కొస నలిపింది. "పోయినసారి ఫలితాలొచ్చిన రోజు నువ్వు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. లోపలికెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నావు. తలుపు సందులోంచి నీ మొహం చూశాను. ఇంకోసారి తప్పితే ఆ మొహం మళ్ళీ చూడాలి. నావల్ల కాదమ్మా."

"ఆ మొహమా?" అంది సువర్చల. "నీ మార్కులకి కాదే ఆ ఏడుపు. పక్క గది పిల్ల వార్త అప్పుడే తెలిసింది. నువ్వూ అలా చేస్తావేమోనని నాకు ప్రాణం పోయింది. నోరు తెరిస్తే నీ ముందు ఏడ్చేస్తానని లోపలికెళ్ళాను."

"నాతో అనొచ్చుగా!"

"అనాల్సింది. తప్పు చేశాను."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. కుట్లు లాగుతున్నా తన్మయి వదల్లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక పిల్ల ఊపిరి నెమ్మదిగా ఒక దారికి వచ్చింది. కనుబొమ్మ మీంచి చెయ్యి దిగి తల్లి అరచేతిలోకి చేరింది. ఏ మందూ వెయ్యలేదు, ఏ జీవినీ పెంచలేదు. నిమ్మళం ఇంత దగ్గర్లోనే ఉందా అనుకుంది సువర్చల.

తలుపు తోసుకుని భాస్కరరాజు వచ్చాడు. చేతిలో చిన్న స్టీలు డబ్బా, చెంచా.

"అమ్మలు పొద్దున్న అడిగారండి. పాపం అంతలా బతిమాలుతుంటే ఇంటికెళ్ళి పట్టుకొచ్చాను," అంటూ మూత తీశాడు.

సువర్చల పులిలా లేచి డబ్బాని ఒక్క దెబ్బ కొట్టింది. అది గోడకి తగిలి దొర్లింది. నేలంతా తెల్లగా పరుచుకుంది. భాస్కరరాజు మొహంలో కోపం లేదు, నొప్పి కూడా లేదు. మూల ఉన్న గుడ్డ తెచ్చి వంగి నేల తుడవడం మొదలుపెట్టాడు.

"పర్వాలేదండి, పోతే పోయింది. నిన్న కింద క్యాంటీనావిడ తోడు లేదంటే నా క్యారియర్లోంచి చుక్క పెట్టాను. ఇవాళ పెద్ద గుండిగతో తోడుకుందట, కమ్మగా ఉందని ఆసుపత్రంతా మెచ్చుకుంటన్నారు. నేనెళ్ళి అమ్మలుకి ఇంత పట్టుకొస్తాను."

గుడ్డ బకెట్టులో పిండి, చేతులు కడుక్కుని, డబ్బా తీసుకుని తలుపు వైపు నడిచాడు.

"ఆగండి! ఏవండీ, ఆగండి!" సువర్చల పరిగెత్తబోయింది. చెయ్యి ఎవరో లాగినట్టయింది. వెనక్కి తిరిగింది.

తన్మయి ఆమె చేతిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. పుళ్ళు పడ్డ వేళ్ళలో అంత బలం ఎక్కడ్నించి వచ్చిందో. కళ్ళనిండా భయం. ఆ భయంతోనే తల్లి మొహంలోకి చూసింది.

"వెళ్ళనీ అమ్మా," అంది. "నాన్నగారిని వెళ్ళనీ."